సగం మనిషి ఊపిరి

భూమి తదియ

తిరగలికి బరువు చాలలేదు. సొరంగపాలెంలో ఏ వస్తువుకీ సరిపడా బరువు ఉండదు. రాతి తిరగలి కూడా చెయ్యి వేస్తే పిల్లిలా పక్కకి జరిగిపోతుంది. పై రాయికి రెండు ఇనప దిమ్మలు కట్టి, ఒంటి బరువంతా దానిమీద వాల్చి తిప్పాను. బార్లీ గింజ పగలాలి గాని పొట్టు నలగకూడదు. పొట్టు నలిగిపోతే రేపు నీళ్ళు దిగవు.

మొదటి పొలం పంటని ఊళ్ళో ఇంటికింత అని పంచినప్పుడు అందరూ జావ కాచుకున్నారు. నేను నా వాటా నానబోసి, మొలకలు రానిచ్చి, దీపాల కింద ఎండబెట్టాను. ఓడలో వచ్చే పాకం డబ్బాతో బీరు చాలాసార్లే చేశాను. పాకం, నీళ్ళు, పులియడానికి తోడు, అంతే పని. పాలపొడితో కాఫీ పెట్టుకోవడం లాంటిది అది. గింజ దగ్గర మొదలుపెట్టడం మాత్రం ఇదే మొదలు.

తిరగలి చప్పుడు విని పక్కింటి ఎల్లాజీ తలుపు దగ్గర నిలబడ్డాడు. నలభై ఏళ్ళ మనిషి, పొలానికి నీళ్ళు పెట్టేవాడు. నన్ను అప్పా అని, అంటే అక్కా అని, పిలుస్తాడు.

"ఏటి సేస్తన్నావప్పా?"

"బీరు."

"డబ్బా ఉంది కదేటి?"

"ఉంది."

ఇంకేమైనా చెబుతానేమో అని కాసేపు చూశాడు. పగలంతా బయటికి వెళ్ళేవాళ్ళ ఉడుపులకి కుట్లు వేస్తాను. ఒక్క కుట్టు ఊడితే ఒక ప్రాణం. ఎవరి ప్రాణమూ ఆధారపడని పని ఒక్కటి చెయ్యాలనిపించింది, అంతే.

భూమి చవితి

మా ఊరు చంద్రుడి లోపలి గుహలో ఉంది. పైకప్పులో ఒక మందపాటి గాజు కిటికీ. అందులోంచి భూమి ఎప్పుడూ ఒకే చోట కనిపిస్తుంది. అది పెరిగేదీ తరిగేదీ చూసే మేం తిథులు చెప్పుకుంటాం. ఈ రోజు సన్నటి నీలిరంగు కొడవలిలా ఉంది. అష్టమికి సూర్యుడు అస్తమిస్తాడు, ఆ తర్వాత రెండు వారాలు చీకటి, కరెంటు కోత. కాచే పనేదైనా ఈలోపే కావాలి.

ఇక్కడ మంట వెలిగించనివ్వరు. కిందటి ఓడలో వెళ్ళిపోయిన ఒక కుటుంబం తమ కరెంటు కాగుని నాకు వదిలి వెళ్ళింది. అడుగున వేడి తీగ, మధ్యలో చిల్లుల బుట్ట, పక్కన ఒక చిన్న పంపు. నీళ్ళు అరవై ఆరు డిగ్రీలకి వచ్చాక నూకని బుట్టలో పోసి కలిపాను. కింది నీళ్ళని పంపు పైకి తోడి మళ్ళీ గింజ మీదే పోస్తూ ఉంటుంది. వేడి ఒక్క డిగ్రీ తగ్గితే తీగ దానంతట అదే ఎర్రబడుతుంది. నేను చేసిందల్లా పక్కన కూర్చోవడమే.

మెల్లగా వాసన లేచింది. ఏడేళ్ళ వయసులో భీమిలి నుంచి ఇక్కడికి వచ్చాను. అప్పటి నుంచి నా ముక్కుకి తెలిసిన వాసనలు రబ్బరు, లోహం, మందులు, అంతే. ఇది కొత్తగా తడిసిన గడ్డి వాసన, వేయించిన పిండి వాసన, ఎండలో ఆరిన దుప్పటి వాసన. ఏది ముందో ఏది వెనకో చెప్పలేను. పంపు గురగురమంటుంటే కళ్ళు మూసుకున్నాను. గుహ గోడలు దూరంగా జరిగిపోయినట్టు అనిపించింది.

ఎల్లాజీ మళ్ళీ వచ్చాడు. గరిటెతో ఒక గుక్క ఇచ్చాను. పెదవులు నాక్కుని, "తీపిగా ఉందప్పా. దీంట్లో పంచదార ఎక్కడేశావు?" అన్నాడు.

"గింజలోనే ఉంది తమ్ముడూ. వేడికి బయటికొచ్చింది."

బుట్ట పైకెత్తితే నీళ్ళు దిగడానికి సగం పూట పట్టింది. కిందికి లాగే బలం లేకపోతే చుక్కకి కూడా తొందర ఉండదు. తర్వాత మరగబెట్టాను. బుడగలు గుమ్మడికాయలంత ఉబ్బి, తీరిగ్గా పగిలాయి. నురగ కాగు అంచు దాటి, పడిపోకుండా, గాలిలో తెల్లటి చీరలా నిలబడింది. తెడ్డుతో దాన్ని మళ్ళీ లోపలికి మడిచాను. చేదుకి మందుల తోటలోని నేలవేము ఆకు వేశాను. చల్లారాక ఊరి వంటశాలలో రొట్టెపిండి నుంచి తెచ్చిన తోడు కలిపి, మూత బిగించాను.

భూమి పంచమి

బీరు ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టింది. మూతకున్న గొట్టం చివర నీళ్ళలో ముంచాను. బుడుక్, కాస్త ఆగి, మళ్ళీ బుడుక్.

మా ఇంటికీ ఎల్లాజీ ఇంటికీ గాలి గొట్టం ఒకటే. మేం విడిచిన గాలి రెండో పొలానికి పోతుంది, అక్కడి మొక్కలు శుభ్రం చేసిన గాలి తిరిగి మా ఇళ్ళకి వస్తుంది. గోడకి గాజుపూసల వరస ఒకటి ఉంటుంది. ఆ గాలిలో ఎంతమంది ఊపిరి ఉంటే అన్ని పూసలు వెలుగుతాయి. ఇన్నేళ్ళూ రెండే వెలిగాయి, ఒకటి నాది, ఒకటి అతనిది.

పొద్దున్న లేచేసరికి మూడో పూస మినుకుమినుకుమంటోంది. దాన్ని చూసి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. నా కాగు మనుషుల లెక్కలోకి వచ్చింది!

భూమి సప్తమి

వాయుశాఖ నుంచి దమయంతి గారు వచ్చారు. ఆవిడ గట్టి మనిషి. చిన్నప్పుడు తూర్పు సొరంగంలో ఎవరో చెప్పకుండా చుట్టాల్ని ఉంచుకుంటే గాలి చాలక ఆవిడ తమ్ముడికి తలనొప్పి పట్టిందట. ఆ తలనొప్పి తగ్గనే లేదు. ఆ తమ్ముడి సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. అందుకే ఆవిడ ఎంత కటువుగా మాట్లాడినా ఎవరూ తిట్టుకోరు.

"తాయారు గారూ, మీ ఇంట్లో ఎవరున్నారు?"

కాగు చూపించాను. ఆవిడ వంగి గొట్టానికి చెవి ఆనించారు. బుడుక్. మొహం మీద ఒక్క క్షణం చిన్నపిల్ల కనిపించింది.

"ఇది ఊపిరి తీస్తోందా?"

"తీపి తిని గాలి వదులుతోందండీ. ఇంకో రెండు రోజులకి ఆగిపోతుంది."

"అయిపోగానే చెప్పండి," అని నవ్వుతూనే వెళ్ళిపోయారు.

భూమి నవమి

సూర్యుడు దిగిపోయాడు. కిటికీలోంచి సగం భూమి వెలుగు నీలంగా నేలమీద పరుచుకుంది. కాగు దగ్గర కూర్చుని చాలాసేపు ఎదురుచూస్తే గాని ఒక బుడుక్ వినపడలేదు. బీరు తిండి అయిపోయింది.

గోడ మీద మూడో పూస మాత్రం తగ్గలేదు. మొదటి రెండిటితో సమానంగా, నిండుగా వెలుగుతోంది.

దాని కేసి చూస్తూ అలాగే కూర్చున్నాను. ఈ నాలుగు రోజుల్లో ఎల్లాజీ జావ గిన్నె పెద్దది మార్చాడు. నన్ను పలకరించినప్పుడల్లా తలుపు వెనక్కి లాగుతూ మాట్లాడాడు. లేచి వెళ్ళి అతని తలుపు తట్టాను.

"తమ్ముడూ, నా బీరు నిద్రపోయింది. నీ ఇంట్లో ఎవరు మేలుకున్నారు?"

అతను పక్కకి తప్పుకున్నాడు. లోపల నేలమీద ఒక మనిషి మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుని ఉంది. చేపముల్లులా సన్నటి కాళ్ళు, చేతుల మీద మంచు కొరికిన తెల్లటి మచ్చలు.

"మా సెల్లి, బంగారి," అన్నాడు ఎల్లాజీ.

బంగారి దక్షిణాన నీడలోయలో మంచు తవ్వే పని చేసేదట. గని మూసేశారు. పని లేనివాళ్ళకి ఇక్కడ గాలి వాటా లేదు, వచ్చే ఓడలో భూమికి పంపేస్తారు. అది చట్టం. పౌర్ణమి నాటి ఓడకి ఆమె పేరు రాసేశారు. కానీ అన్నాచెల్లెళ్ళిద్దరూ ఇక్కడే పుట్టినవాళ్ళు. వాళ్ళ ఎముకలు ఇక్కడి బరువుకే అలవాటుపడి కట్టుకున్నాయి.

"గని డాట్రు సూసి సెప్పాడప్పా," అంది బంగారి, తల ఎత్తకుండానే. "కింద దిగితే నాలుగడుగులు కూడా నడవనేనంట. మంచంలోనే ఉండాలంట. ఎన్నాళ్ళో ఆయనికీ తెల్దంట."

"మరి చెప్పుకోలేదా?"

"సెప్పినాం. వింటామన్నారు. ఓడెళ్ళిన మర్నాడు."

ఎల్లాజీ గోడవైపు తిరిగాడు. నీ బీరు ఊపిరి చాటున దాచుకున్నామని అతను అనలేదు. ఆ వాసనకి ముందు సంతోషించిందీ, తర్వాత లెక్క కట్టిందీ తనేనని ఆ వీపు చూస్తే తెలుస్తోంది. నాకు కోపం రావలసింది. రాలేదు. నేను చేసిన పని మీద ఎవరి ప్రాణమూ ఆధారపడదనుకున్నాను. అది నా చేతుల్లో లేకుండా పోయింది.

భూమి దశమి

దమయంతి గారు మళ్ళీ వచ్చారు. ఈసారి నవ్వలేదు. కాగు చుట్టుకొలత తీశారు, నీళ్ళ మట్టం చూశారు.

"నేను లెక్క వేశాను తాయారు గారూ. ఈ కాగు నిండుగా పొంగిన రోజున కూడా సగం మనిషి ఊపిరి. అంతకు మించదు. మిగతా సగం ఎవరు?"

"నేనే," అన్నాను. "ఈమధ్య ఎక్కువ ఊపిరి తీస్తున్నాను."

"ఎందుకు?"

"భయమేసి."

చెప్పింది అబద్ధమే, భయం మాత్రం నిజం. తప్పుడు లెక్క చెబితే ఇల్లు తీసేసుకుని ఉమ్మడి గదుల్లోకి పంపుతారు. అంతలో వెనక తలుపు తెరుచుకుంది. బంగారి గోడ పట్టుకుని వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడింది.

"మిగతా సగం నేనమ్మా. పూర్తి మనిషినే. ఆవిడ్నేటీ అనకండి."

ఎల్లాజీ పరుగెత్తుకొచ్చాడు. దమయంతి గారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. బంగారి చేతుల మీది మచ్చల్ని చూశారు, కాళ్ళని చూశారు. తర్వాత అన్నారు.

"గాలి నాది కాదు, ఇవ్వడానికి. పని లేనివాళ్ళకి లేదు, పని ఉన్నవాళ్ళకి ఉంది. నాకు తెలిసింది అంతే." కాస్త ఆగి కాగు వైపు తల తిప్పారు. "ఈ వారం రెండో పొలంలో, మీ గొట్టం తెరుచుకునే చోట మొక్కలు జానెడు ఎక్కువ ఎదిగాయి. కాగు వదిలే గాలి వాటికి బాగా పట్టింది. ఊరికి పనికొచ్చే కార్ఖానా అని గ్రామసభ ఒప్పుకుంటే దానికి ఒక పనిమనిషిని రాసుకోవచ్చు."

"బీరు కార్ఖానానా?" అన్నాను.

"బీరే. కానీ జనం తాగే పానీయమంటే వైద్యశాఖ పరీక్ష ఉంటుంది. గాజు గ్లాసులో పోసి వెనక కాగితం పెడితే అక్షరాలు కనబడాలి. మడ్డిగా ఉంటే ఒప్పుకోరు. చతుర్దశికి సభ. అప్పటిదాకా ఈ అమ్మాయి ఎల్లాజీ ఇంట్లో నా లెక్కలో ఉంటుంది."

తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరక్కుండానే అన్నారు: "నేను చేయగలిగింది ఇంతే."

భూమి ద్వాదశి

బీరు తేరుకోవడం లేదు. గ్లాసులో పోస్తే బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. రుచి బాగుంది, వాసన బాగుంది, అక్షరం కాదు గదా వేలు కూడా కనబడదు. తోడు అడుక్కి దిగాలంటే దాన్ని కిందికి లాగేది ఉండాలి. ఇక్కడి నేల దేన్నీ గట్టిగా లాగదు. డబ్బా బీరైతే నెలల తరబడి వదిలేసేదాన్ని.

"సలవ పెడితే?" అంది బంగారి. "గనిలో బురదనీళ్ళు గడ్డకట్టే ముందర తేరుకునీవి."

చల్లటి నీడ గొయ్యిలో పెట్టాం. కాస్త తేరింది. చాలలేదు. ఎల్లాజీ గ్లాసు వెనక తన అరచెయ్యి పెట్టి చూస్తూ కూర్చున్నాడు. గీతలు కనిపిస్తాయేమోనని.

భూమి త్రయోదశి

పొద్దున్నే బంగారి వచ్చి నన్ను లేపింది. కళ్ళలో నిద్ర లేదు.

"అప్పా, కిందకి లాగేది లేదన్నావు కదా. గిర్రున తిప్పి ఆ లాగుడు మనమే సేద్దాం."

రెండో పొలం చివర, మంచుబళ్ళు మలుపు తిరగడానికి ఒకప్పుడు పెట్టిన ఇరుసు ఉంది. దానికి రెండువైపులా పొడవాటి ఉక్కు చేతులు. ఒక చేతి చివర బీరు పాత్రని దుప్పట్లు చుట్టి కట్టాం, రెండో చివర అంతే బరువు రాళ్ళసంచి. ముగ్గురం తోశాం. మొదట మూలిగింది. తర్వాత కదిలింది. ఆ తర్వాత ఆపడం మా వల్ల కాలేదు. బార్లీ మొక్కల మీద నుంచి, నీలి వెలుగులో, మా బీరు గుండ్రంగా గుండ్రంగా తిరుగుతూ పోయింది. అది దాటినప్పుడల్లా వెన్నులు అటు వంగి మళ్ళీ లేచాయి. చూస్తూ చూస్తూ నాకు నేల ఎక్కడుందో తెలియకుండా పోయింది.

ఇరుసు నెమ్మదించి ఆగింది. పాత్ర మూత తీసి చూసి ఇంకోసారి తిప్పాలనుకున్నాం. అప్పుడు బంగారి రాళ్ళసంచి విప్పేసింది.

"ఏటి సేస్తన్నావే?" అన్నాడు ఎల్లాజీ.

"నాను కూకుంటాను. భూమ్మీద ఇలాగే ఉంటాదంట కదా. ఓసారి సూడనీ."

"వద్దే! నీకేటైనా అయితే..."

"పంపేస్తామంటన్నారు. ఎక్కడికో తెలుసుకోనా?"

నేను ఆపాలి. ఆపలేకపోయాను. ఆమె తూకానికి సరిపోయేలా ఇరుసుకి దగ్గరగా జరిగి కూర్చుని, నడుముకి తాడు కట్టుకుంది. మెల్లగా తోశాం. మొదటి చుట్టులో నవ్వింది. వేగం పెరిగేకొద్దీ నవ్వు పోయింది, తర్వాత తల వెనక్కి వాలిపోయింది. చెయ్యెత్తి ఆపమని చెప్పబోయి చెయ్యెత్తలేకపోయింది. ఎల్లాజీ ఇరుసుకి అడ్డంగా పడి రెండు కాళ్ళూ నేలకి తన్ని ఆపాడు.

కిందికి దింపితే బార్లీ మధ్యన వెల్లకిలా పడుకుంది. ముక్కులోంచి సన్నటి రక్తపు గీత.

"భూమంతా నా మీదే కూకుందప్పా," అంది. కాసేపటికి, "ఊపిరి అక్కడే ఉంది. తీయడానికి నాను సాలనేదు," అంది.

ఎల్లాజీ ఆమె తలని ఒళ్ళోకి తీసుకున్నాడు. అతను ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. ఇక్కడ కన్నీళ్ళు కూడా తొందరగా జారవు. కళ్ళ కింద గుండ్రంగా నిలబడతాయి. రాళ్ళసంచి నేనొక్కదాన్నే తిరిగి కట్టాను. మిగతా చుట్లన్నీ నేనే తోశాను.

భూమి చతుర్దశి

సభలో ముగ్గురు పెద్దలు, వైద్యురాలు, దమయంతి గారు. అడుగున దిగిన మడ్డి కదలకుండా పాత్రని చంటిబిడ్డలా ఎత్తుకెళ్ళాను. గ్లాసులోకి వంచాను. పసుపు రంగు ధార తీరిగ్గా దిగింది, నురగ అంచు దాకా లేచి ఆగింది.

"కాగితం?" అన్నారు వైద్యురాలు.

ఎవరి దగ్గరా లేదు. దమయంతి గారు సంచిలోంచి ఒకటి తీసి గ్లాసు వెనక పట్టుకున్నారు. అది బంగారి ప్రయాణపు ఉత్తర్వు.

వైద్యురాలు కళ్ళు చిట్లించి వంగారు. ఆవిడ నెమ్మదిగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివారు: "బంగారి... వయసు ముప్ఫై రెండు... పుట్టిన ఊరు... సొరంగపాలెం."

అక్కడ ఆగారు. ఆ చివరి మాట మళ్ళీ చదివారు. తర్వాత గ్లాసు ఎత్తి తాగారు.

ఒక పెద్దాయన చేదని మొహం చిట్లించాడు. ఇంకొకాయన గుక్క నోట్లోనే ఉంచుకుని చాలాసేపు పైకప్పు చూశాడు. మూడో ఆవిడ తాగి, "ఇది మన పొలంలో గింజేనా?" అని అడిగింది. అవునన్నాను. గ్లాసు మళ్ళీ చాచింది.

వచ్చే పంట కోత దాకా ఒప్పుకున్నారు. అప్పుడు మళ్ళీ చూస్తామన్నారు. కార్ఖానాకి మనిషి ఒకరు, బంగారి. దమయంతి గారు ఆ ఉత్తర్వుని సంచిలో పెట్టుకోలేదు. నిలువుగా, అడ్డంగా మడిచి, తడిసిన బల్ల మీద గ్లాసు కింద పెట్టారు.

భూమి పౌర్ణమి

ఓడ లేచింది. అరికాళ్ళలో సన్నటి వణుకు తెలిసింది, అంతే. ఊరంతా కిటికీ కింద నిలబడి చూశారు. నిండు భూమి వెలుగులో అందరి మొహాలూ నీళ్ళ అడుగున ఉన్నట్టు ఉన్నాయి. ఓడ ఒక చుక్కగా మారి, ఆ నీలంలో ఎక్కడో కలిసిపోయింది. ఎల్లాజీ పొలానికి నీళ్ళు పెట్టే వేళయిందని ముందే వెళ్ళిపోయాడు.

బంగారి నా పక్కన నిలబడింది. "నువ్వు అక్కడ పుట్టినావు కదప్పా. ఎళ్ళాలనిపించదా?"

నిజం చెప్పాలంటే ఏళ్ళ తరబడి ఆ ప్రశ్న నన్ను నేను అడగలేదు. ఏడేళ్ళకి వచ్చినదాన్ని. ఒంటిలోని ఎముకలన్నీ ఈ గుహలోనే పెరిగాయి. ఆ ఇరుసు మీద నన్ను కూర్చోబెట్టినా చెయ్యెత్తలేకపోదును.

"నేనూ నడవలేనే, బంగారీ," అన్నాను. పైకి అనేదాకా ఆ సంగతి నాకే తెలియదు.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. మంచు కొరికిన వేళ్ళు గరుగ్గా, వెచ్చగా ఉన్నాయి. భూమి మెరుస్తూనే ఉంది. ఒక్కొక్కరూ ఇళ్ళకి వెళ్ళిపోయారు.

"పదప్పా," అంది చివరికి. "గింజ నానబెట్టాల. పెద్దాయన సేదన్నాడు. ఈసారి ఆకు తగ్గిద్దాం."

"తగ్గించను," అన్నాను.

ఇంటి దాకా దాని మీదే తగువులాడుకుంటూ నడిచాం.